చదివి చేసిన సంతకం

జూలై 3, బుధవారం

తేదీలు రాసి పెట్టుకోమని లాయరు యుగంధర్ గారు చెప్పారు. కోర్టులో అడిగితే తడుముకోకూడదట. అందుకని రాస్తున్నాను. ఇది హేమ వదిలేసి వెళ్లిన లెక్కల నోటుబుక్కు. ముందు పేజీల్లో దాని కూడికలు ఉన్నాయి. నేను వెనక నుంచి మొదలుపెట్టాను. ఇది నా కోసం రాసుకునేది. ఎవరూ చదవక్కర్లేదు.

నా పేరు సింహాచలం. ఊరు పొందూరు. వయసు డెబ్భై ఒకటి. ఖద్దరు నేస్తాను. మగ్గం గోతిలో కాళ్లు పెట్టి కూర్చోవడం మొదలై యాభై ఆరేళ్లు. మూడో తరగతి దాకా చదివాను. తెలుగు వచ్చు.

కేసు సంగతి. నా కొడుకు నరేష్ పోయి రెండేళ్లు. కోడలు ధనలక్ష్మి ఏడాదిన్నర మా ఇంట్లోనే ఉంది. తర్వాత కాలు నిలవక కన్నవారి ఊరు రాజాం వెళ్లి ఒక కాలేజీ హాస్టల్లో వంటపనికి కుదిరింది. వెళితే వెళ్లనీ. నా మనవరాలు హేమని కూడా తీసుకుపోయింది. నేను పంపనన్నాను. బడి దగ్గర నుంచి నాకు చెప్పకుండా తీసుకుపోయింది. ఎనిమిదేళ్ల పిల్ల. ఆ పిల్లని నాకు ఇప్పించమని కోర్టుకెళ్లాను. అంతే. ఇందులో నేను సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

జూలై 4, గురువారం

నా భార్య దేముడమ్మ చూసింది. "ఏటి బావా, పరీచ్చకి సదువుతన్నావా?" అంది. కోర్టు పని అన్నాను. "ఓలమ్మ, కోర్టోలు కాపీ కూడా రాయిస్తన్నారేటి," అంటూ వెళ్లిపోయింది. ఆవిడకి అక్షరం ముక్క రాదు. వేళాకోళానికి మాత్రం తక్కువ లేదు.

జూలై 6, శనివారం

జడ్జమ్మ చెప్పిన ప్రకారం నెలకి రెండు శనివారాలు కోడలు పిల్లని శ్రీకాకుళం కోర్టుకి తెచ్చి నాకు చూపించాలి. పది నుంచి పన్నెండు దాకా. కోర్టు వెనక ఒక గది. నీలం కుర్చీలు, గోడ మీద ఏనుగు బొమ్మ.

బస్సులో వెళ్లాను. చిలకపాలెం దగ్గరకి వచ్చేసరికి నాకు ఎప్పుడూ నిద్ర వస్తుంది. కళ్లు మూసుకుంటాను. నరేష్ బండి లారీ కిందకి వెళ్లింది అక్కడే. కానీ అందుకు కాదు. నిద్ర.

హేమ నన్ను చూసి పరుగెత్తుకు రాలేదు. నడిచి వచ్చింది. ఎదిగింది. "ఏటి తెచ్చినావు తాతా?" అంది. కిందటేడు అది వడికిన నూలు చిలప తీశాను. ఆ గదికి కాపలా ఉండే ప్యూన్ నూకయ్యకి చూపిద్దామని ఒక పోగు లాగి రెండు చేతుల మధ్య పట్టుకున్నాను.

"ఏటి పెద్దాయనా, కాళీ సేతులు సూపిస్తన్నావు?" అన్నాడు.

కిటికీ దగ్గరకి తీసుకెళ్లాను. వెలుగు తగలగానే దారం మెరిసింది. పక్కకి జరిపితే లేదు. మళ్లీ వెలుగులోకి తెస్తే ఉంది.

"ఓలమ్మో! ఇది మనిసి తీసిందా, సాలీడు తీసిందా?"

"మా గుంట తీసింది," అన్నాను, హేమని చూపించి.

నూకయ్య హేమ వైపు చూసిన చూపు నాకు తెలుసు. ఎన్నిసార్లు చూసినా ఆ దారం ముందు నా మొహం కూడా అలాగే అవుతుంది. ఎనిమిదేళ్ల వేళ్లు. దూది ఎక్కడ ఆగిందో, దారం ఎక్కడ మొదలైందో, పక్కన కూర్చుని చూసినా నాకే తెలియదు.

ధనలక్ష్మి గుమ్మం బయట బల్ల మీద కూర్చుంది. తల తిప్పుకుంది.

వెళ్లేటప్పుడు హేమ, "తాతా, నాకిప్పుడు దగ్గు నేదు, తెల్సా?" అంది. మంచిదే అన్నాను. చిలప సంచిలో పెట్టుకున్నాను.

జూలై 10, బుధవారం

లాయరు గారి దగ్గరకి వెళ్లాను. ఆగస్టు ఏడున నా సాక్ష్యమట. ఎదుటి లాయరు ప్రశ్నలు వేస్తారట. "మీ పిటిషన్ ఒకసారి చదువుకుని రండి," అని కాపీ ఇచ్చారు. ఆరు పేజీలు.

మార్చిలో ఇది రాయించిన రోజు గుర్తొచ్చింది. ఇంగ్లీషులో రాస్తే నాకేం తెలుస్తుంది, తెలుగులో రాయండి, చదివే సంతకం పెడతాను అని ఆఫీసులో నలుగురూ వినేట్టు అన్నాను. రాసి ముందు పెట్టారు. లాయరు నిలబడ్డారు. గుమాస్తా నిలబడ్డాడు. వెనక ఇంకో పార్టీ నిలబడ్డాడు. ఆ రోజు కళ్లజోడు సరిగ్గా లేదు. ఒక్కొక్క పేజీ ముందు చదివినంతసేపు ఆగి తిప్పాను. సంతకం చేశాను.

అంతకుముందు ఇంటి సంగతులు అడిగారు. నరేష్ సంగతి చెప్పాలి. చెప్పలేదు. హేమ సంగతి చెప్పాను. ఆరో ఏట మంచిరోజు చూసి రాట్నం ముందు కూర్చోబెట్టాం, మా ఇళ్లలో ఆడపిల్లలకి అదొక చదువు అన్నాను. ఎనిమిదేళ్లకే వందో నంబరు తీసిందన్నాను. అంటే పట్టుకుంటే ఉందో లేదో తెలియని దారం. బడి నుంచి వచ్చి కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేవదు, సెలవులైతే పొద్దంతా, అన్నాను. "రోజుకి ఎన్ని గంటలుంటుంది?" అన్నారు. నాలుగు, అయిదు, అన్నాను. గబగబా రాసుకున్నారు. మెచ్చుకుంటున్నారనుకున్నాను.

జూలై 12, శుక్రవారం

మొదటి పేజీ చదివాను. నా పేరు టైపులో ఉంది. దాని కింద మా నాన్న పేరు. ఆయన పేరు ఎక్కడా అచ్చులో చూడలేదు. అక్కడే చాలాసేపు ఆగాను.

జూలై 19, శుక్రవారం

రెండో పేజీ. సంరక్షకత్వము అనే మాట దగ్గర ఒక పూట పట్టింది. కళ్లజోడు మార్చాలి.

జూలై 20, శనివారం

హేమని చూశాను. ఎక్కాలు పదహారు దాకా వచ్చట. అప్పగించింది. నాకు తప్పులు తెలియవు. తల ఊపాను.

ఆగస్టు 2, శుక్రవారం

మూడో పేజీ అయింది. నా గురించి మంచిగా రాశారు. పిటిషనరు ఊరిలో గౌరవము కలవాడు, ఎవరి జోలికీ పోనివాడు అని ఉంది. ఈ పేజీ రెండుసార్లు చదివాను.

ఆగస్టు 7, బుధవారం

బోనెక్కాను. కాళ్లు వణికాయని అక్కడున్నవాళ్లు ఎవరైనా అంటారేమో, వణకలేదు. మెట్టు ఎత్తుగా ఉంది.

జడ్జమ్మకి నలభై ఏళ్లు కూడా ఉండవు. చిన్న మనిషి. గొంతు పెంచదు. ఆవిడ తల ఎత్తితే అంత పెద్ద గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగులుతుంది. నేను కలెక్టర్లని చూశాను, మంత్రులు మా వీధికి వచ్చినప్పుడు చూశాను. వాళ్ల చుట్టూ ఎప్పుడూ చప్పుడే. ఇంత నిశ్శబ్దం ఒక మనిషి చేయగలదని నాకు తెలియదు.

కోడలి తరపు లాయరు పద్మకుమారి గారు అడిగారు. "ఈ పిటిషన్ మీరు చదివే సంతకం చేశారా?"

"సదివే సేసినాను."

"అంతా నిజమేనా?"

"నేను అబద్దం ఆడనమ్మా."

"ఐదో పేజీలో మీ కోడలి గురించి రాసింది కూడా?"

"రాసిందంతా నిజమే."

ధనలక్ష్మి అప్పటిదాకా నేల చూస్తోంది. అప్పుడు నన్ను చూసింది. కోపం కాదు. చాలాకాలంగా తెలిసిన మనిషిని కొత్తగా చూసినట్టు చూసింది.

ఐదో పేజీ ఇంకా చదవలేదు. వరసలో చదవాలి కదా.

ఆగస్టు 11, ఆదివారం

నాలుగో పేజీ. బడి పేరు, తేదీలు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఆగస్టు 14, బుధవారం

ఐదో పేజీ చదివాను.

ఆగస్టు 15, గురువారం

ఇంకోసారి చదివాను. ఇక్కడ చూసి రాస్తున్నాను. "ప్రతివాది మైనరు బాలికచే రాట్నము వద్ద రోజుకు నాలుగైదు గంటలు వెట్టిచాకిరీ చేయించినది. దూది ధూళి వలన బాలికకు దగ్గు వచ్చినను నిర్లక్ష్యము చేసినది. ఇట్టి తల్లి వద్ద బాలికకు క్షేమము లేదు."

ఆరో పేజీ చివర, "పైవన్నియు నేను చదివి, నిజమని తెలిసి సంతకము చేయుచున్నాను." కింద నా సంతకం. బాగానే చేశాను. సున్నా గుండ్రంగా వచ్చింది.

ఆగస్టు 16, శుక్రవారం

నేత లేదు.

ఆగస్టు 17, శనివారం

హేమని చూడడానికి వెళ్లలేదు. జ్వరం. దేముడమ్మ నుదురు మీద చెయ్యి పెట్టి జ్వరం లేదంది. ఆవిడకేం తెలుసు.

ఆగస్టు 22, గురువారం

పోగులు తెగుతున్నాయి. గంజి సరిగ్గా పట్టలేదు.

రాయాలి. ఎవరూ చూడరు కదా. కిందటి డిసెంబరులో హేమ దగ్గింది. మా ఇంట్లో అందరూ దగ్గుతారు. వాలుగ చేప దవడ పళ్లతో పత్తి దువ్వితే దూది పొగలా లేస్తుంది. మా అమ్మ దగ్గింది, దేముడమ్మ దగ్గుతుంది. ఒకరోజు ధనలక్ష్మి అన్నం వడ్డిస్తూ, "మావా, గుంటకి దగ్గు తగ్గట్నేదు. కొన్నాళ్లు రాట్నం ఆపితే?" అంది. "మా అమ్మకి నేదా, నీకు నేదా? సచ్చిపోనారేటి?" అన్నాను. మళ్లీ అడగలేదు. అల్లం రసం పట్టించి మళ్లీ కూర్చోబెట్టాను. జనవరిలో పిల్లని తీసుకుని వెళ్లిపోయింది.

పైన ఎక్కడో కాలు నిలవక అని రాశాను. కొట్టేయడం లేదు. రాసింది రాసినట్టు ఉండనీ.

ఆగస్టు 28, బుధవారం

లాయరు గారిని అడిగాను. ఐదో పేజీ తీసేయలేరా అని.

"అదే మన కేసు పెద్దాయనా. తల్లి దగ్గర నుంచి పిల్లని తాతకి ఇవ్వాలంటే తల్లి తప్పు కనపడాలి. గంటల లెక్క మీరు చెప్పిందే కదా?"

"నేను గొప్పకి సెప్పినాను బాబూ."

"గొప్పకి చెప్పినా లెక్క లెక్కే. అది తీసేస్తే పిటిషన్లో ఏమీ మిగలదు. పిల్ల మీకు రాదు. మీ ఇష్టం."

పిల్ల నాకు రాదు. ఆ మాట బస్సు దిగేదాకా చెవిలో ఉంది. ఏమీ చెప్పకుండా వచ్చేశాను. ఆయన తెలివైన మనిషి. ఆయనకే తెలియాలి.

సెప్టెంబరు 11, బుధవారం

ఈ రోజు చూసింది ఎలా రాయాలో తెలియడం లేదు.

జడ్జమ్మ హేమతో మాట్లాడతానంది. ఇద్దరు లాయర్లూ లేచారు. వాళ్లని కూర్చోమంది. నన్నూ ధనలక్ష్మినీ బయట ఉండమంది. మేము గుమ్మం దాటేలోపే ఆవిడ ఆ ఎత్తు మీద నుంచి దిగింది. దిగి వచ్చి హేమ ముందు నిలబడి, "లోపలికి వెళ్లి మాట్లాడుకుందామా? నీకు ఇష్టమైతేనే," అంది. హేమ ఆలోచించింది. అంత పెద్ద మనిషి నిలబడి ఉంటే ఆ గుంట ఆలోచించింది! తర్వాత తల ఊపింది. ఇద్దరూ లోపలికి వెళ్లారు. తలుపు మూసుకుంది.

బయట యాభై మంది ఉన్నారు. భూమి గొడవలు, విడాకులు, నల్లకోట్లు. అందరి పనులూ ఆగిపోయాయి. ఎందుకు ఆగిపోయాయి? ఒక నేతవాడి మనవరాలు ఏమంటుందో వినడానికి. అరగంట. గోడ గడియారం చూస్తూనే ఉన్నాను. నా ముగ్గురు చెల్లెళ్లకి పెళ్లిళ్లు చేశాను, ఒక్కర్నీ అడగలేదు. నరేష్‌ని మగ్గం ఎక్కించేటప్పుడు అడగలేదు. నన్నెవరూ అడగలేదు. అడగడానికి మూసిన తలుపు ఒకటి ఉంటుందని, దానికి బయట జవాను నిలబడతాడని డెబ్భై ఒక్క ఏళ్లకి చూశాను.

తలుపు తెరుచుకుంది. హేమ చేతిలో చాక్లెట్ ఉంది. మొహంలో ఏమీ తెలియలేదు.

"ఏటి అడిగినారే?" అన్నాను.

"అది జడ్జమ్మకీ నాకూ తాతా," అంది.

"నాకు సెప్పవా?"

"సెప్పకూడదు. సెప్పక్కర్నేదన్నారు."

నూకయ్య పక్కనే ఉండి నవ్వాడు. "మీ గుంట గవర్మెంటుతో మంతనాలాడుతన్నాది పెద్దాయనా. నీకూ నాకూ సెప్తాదేటి?"

నాకు కోపం రాలేదు. రావాలి. రాలేదు.

సెప్టెంబరు 12, గురువారం

దేముడమ్మకి చెప్పాను. జడ్జమ్మ దిగి వచ్చిందన్నాను. "మెట్లు దిగి? గుంట కోసం?" అంది. మళ్లీ చెప్పమంది. మూడుసార్లు చెప్పించుకుంది. మూడోసారి వేళాకోళం ఆడలేదు.

సెప్టెంబరు 30, సోమవారం

గురువారం కోడలి సాక్ష్యం. నేను ఏమీ మాట్లాడక్కర్లేదు. లాయరు చూసుకుంటారు.

అక్టోబరు 3, గురువారం

దేముడమ్మ తనూ వస్తానంది. గోడవారన బల్ల మీద కూర్చున్నాం.

ధనలక్ష్మి బోనెక్కింది. హాస్టల్ పని నుంచి వచ్చినట్టుంది, చేతి మీద నూనె చిందిన మచ్చ. ప్రమాణం చేసింది. మా లాయరు మొదలుపెట్టారు.

"పొందూరులో ఉన్నప్పుడు పాప రాట్నం మీద పని చేసేదా?"

"సేసీది."

"రోజుకి నాలుగైదు గంటలా?"

"అవును."

"దగ్గు వచ్చిందా?"

"వచ్చింది."

"తల్లి మీరు. అదే ఇంట్లో ఉన్నారు. ఆపారా?"

"ఆపనేదు."

మా లాయరు జడ్జమ్మ వైపు తిరిగి చేతులు చాపారు. ఇంకేం కావాలన్నట్టు. గెలిచేశాం. నాకు తెలిసిపోయింది. హేమ ఇంటికి వస్తుంది. దాని పక్క ఎక్కడ వెయ్యాలో కూడా ఆ క్షణంలోనే అనుకున్నాను. అనుకున్నాను. దాచను.

పద్మకుమారి గారు లేచారు. జడ్జమ్మ చేత్తో ఆపి తనే అడిగింది. "ఎందుకు ఆపలేదమ్మా? అసలు పాపని ఎవరు కూర్చోబెట్టారు?"

ఒక్క మాట చాలు. మా మావ అంటే చాలు. నేను ఓడిపోతాను, ఆ అమ్మాయి గెలుస్తుంది. నిజం కూడా అదే. ధనలక్ష్మి నా వైపు చూసింది. తొమ్మిదేళ్లు మా ఇంట్లో తిరిగింది. ఆ గొంతు అంత దూరం వినిపిస్తుందని నాకు తెలియదు.

"మా ఇంట్ల ఆడోలందరం కూసుంటామమ్మా. నేను కూసున్నాను, అదీ కూసున్నాది. మా ఆయన పోయినాక మా మావ మూడు నెల్లు మాటాడనేదు. ముద్ద సరిగ్గా తిననేదు. ఈ గుంట తీసిన దారం సేతికిస్తే మాత్రం కిటికీ కాడికి తీసికెల్లి సూసీవోడు. అప్పుడు నవ్వీవోడు. ఆ ఇంట్ల ఇంకెవలం నవ్వనేదమ్మా. దాన్ని పాడు సెయ్యడానికి నాకు సెయ్యి రానేదు. గుంట దగ్గుతుంటే ఇన్నాను, మావ నవ్వుతుంటే సూసినాను. రెండింట్ల దేనికీ అడ్డం పడనేక అన్నాళ్లున్నాను. తప్పు నాదే. ఇంక సూడనేక పిల్లని పట్టుకుని ఎల్లిపోనాను."

అన్నం వడ్డిస్తూ ఒకసారి అడిగింది కదా. నేను కసిరాను కదా. అది చెప్పలేదు. చెప్పవలసిన చోట, ప్రమాణం చేసి, నా కోసం అది ఒక్కటి దాచింది.

నేను మూడు నెలలు మాట్లాడలేదట. నాకు తెలియదు. మామూలుగానే ఉన్నాననుకున్నాను. మగ్గం గోతిలో తల వంచుకుని నేను నేస్తుంటే, ఒక మనిషి వంటింటి గుమ్మంలోంచి నన్ను చూస్తూ ఉంది. ఎప్పుడు తిన్నానో, ఎప్పుడు నవ్వానో, అన్నీ. నా కన్నకొడుకు కూడా నన్ను అలా చూసి ఉండడు. ఇంత మనసు నా ఇంట్లో గిన్నెలు తోముకుంటూ తిరిగింది. నేను దాన్ని వెట్టిచాకిరీ చేయించినది అని రాయించి సంతకం పెట్టాను.

లేచాను. ఎప్పుడు లేచానో తెలియదు.

"అమ్మా, ఆ ఐదో పేజీ అబద్దం."

"పెద్దాయనా, కూర్చోండి," అన్నారు మా లాయరు. చొక్కా పట్టుకుని లాగారు.

జడ్జమ్మ తల ఎత్తింది. ఆ నిశ్శబ్దం వచ్చేసింది. "ఆయన్ని మళ్లీ బోనెక్కించండి," అంది.

ఎక్కాను. ధనలక్ష్మి దిగి పక్కన నిలబడింది. చేయి చాపితే అందేంత దూరం.

"గుంటని కూసోబెట్టింది నేనమ్మా. మంచిరోజు సూసింది నేను. దూది ఏకులు తీసిచ్చింది నేను. దగ్గితే అల్లం రసం పోసి మల్లా కూసోబెట్టింది నేను. ఈయమ్మి ఒకపాలి వొద్దన్నాది. నేను కసిరినాను. ఆ మాట ఈయమ్మి మీకు సెప్పనేదు."

"ఈ కోర్టులోనే మీరు ప్రమాణం చేసి, చదివే సంతకం చేశానన్నారు."

"అన్నాను."

"చదివారా?"

గోడవారన దేముడమ్మ ఉంది. కోడలు ఉంది. నూకయ్య గుమ్మంలో ఉన్నాడు. గుమాస్తా, నల్లకోట్లు, పేరు తెలియని వాళ్లు ముప్పై మంది. బోను కర్ర పట్టుకున్నాను.

"సదవనేదమ్మా. నాకు సదువు సరిగ్గా రాదు. నా మాట నేను రాసుకుంటాను గానీ, అచ్చు సదవాలంటే పేజీకి వారం పడతాది. అందరూ నిలబడి సూస్తంటే ఆ మాట సెప్పుకోనేక సంతకం పెట్టీసినాను."

అనేశాను. పైకప్పు పడలేదు. ఎవరూ నవ్వలేదు.

"ఇది చెబితే మీ కేసు ఏమవుతుందో తెలుసా?" అంది జడ్జమ్మ.

"తెలుసమ్మా. పిల్ల నాకు రాదు."

ఆవిడ గుమాస్తా వైపు తిరిగింది. తర్వాత నేను చెప్పిందంతా టైపు చేయించింది. చివరలో, "ఆయనకి చదివి వినిపించండి. నిదానంగా," అంది. గుమాస్తా చదివాడు. ఒక్కొక్క మాటా విన్నాను. అన్నీ నేనన్నవే. అప్పుడు సంతకం చేశాను.

బయటికి వచ్చాక మా లాయరు ఫైలు చంకన పెట్టుకుని వెళ్లిపోయారు. ధనలక్ష్మి మెట్ల దగ్గర చెప్పులేసుకుంటూ, "మావా, అన్నం తిన్నావా?" అంది. లేదన్నాను. "తిని బస్సెక్కు," అంది. వెళ్లిపోయింది.

అక్టోబరు 4, శుక్రవారం

దేముడమ్మ ఈ రోజు పొద్దున అంది. "బావా, నీకు సదువు రాదని నాకెప్పుడో తెల్సు."

"ఎప్పట్నించి?"

"పెల్లైన కొత్తల నుంచి. ఏ ఊరు బస్సో సూడమంటే బీడీ ముట్టించుకునీవోడివి కాదా."

యాభై ఏళ్లు. ఒక్కరోజు కూడా అనలేదు. ఈ ఆడవాళ్లు ఏమిటో, నాకు తెలియదు. ఇన్నేళ్లూ ఎవరి మధ్య ఉన్నానో తెలియదు.

అక్టోబరు 19, శనివారం

కోర్టు గదికి వెళ్లాను. హేమతో రెండు గంటలు. దానికి ఏమీ తెలియదు. లేక అన్నీ తెలుసు. చెప్పదు కదా.

నవంబరు 6, బుధవారం

తీర్పు. పిల్ల తల్లి దగ్గరే. నా పిటిషన్ కొట్టేశారు.

ప్రతి నెలా రెండో శనివారం పిల్లని పొందూరు తెచ్చి దింపాలి. ఆదివారం సాయంత్రం దాకా నా దగ్గర. వేసవిలో పది రోజులు. దూది పనిలో కూర్చోబెట్టకూడదు. తప్పు రాయించి ప్రమాణం చేసినందుకు నా మీద చర్య తీసుకోవచ్చట, నా అంతట నేనే సరిదిద్దుకున్నాను కనుక వదిలేస్తున్నానంది. ఈ ముక్కలన్నీ జడ్జమ్మ తెలుగులో విడమరిచి, నా వైపు చూసి చెప్పింది. అర్థమైందా అని అడిగింది. అయిందన్నాను. నిజంగానే అయింది.

బాధగా లేదు అని రాశాను. కొట్టేశాను. ఉంది. అన్నం సయించడం లేదు.

నవంబరు 9, శనివారం

పదింటికి ధనలక్ష్మి హేమని తీసుకుని వచ్చింది. గుమ్మం లోపలికి రాలేదు. దేముడమ్మ వెళ్లి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. "ఒసే, నీతో కేసాడింది మీ మావ. నేను కాదు. టీ తాగి ఎల్లు," అంది. తాగింది. నేను, "అమ్మా, రేపు సాయంత్రం నేనే రాజాం తెచ్చి దింపుతాను. నువ్వు మల్లా రానక్కర్నేదు," అన్నాను. "సరే మావా," అంది. ఇద్దరం అంతే మాట్లాడాం. వెళ్లేటప్పుడు వీధి మలుపు దాకా చూశాను. ఎండలో తల మీద కొంగు వేసుకుని, బస్సు కోసం బేగి బేగి నడిచింది. పన్నెండింటికి హాస్టల్లో బియ్యం పడాలట.

రాట్నాలు, పత్తి, అన్నీ వెనక గదిలో పెట్టి తాళం వేశాను. ముందు గది ఖాళీగా ఉంది. హేమ మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. నాకు ఏం చెయ్యాలో తెలియలేదు. ఈ ఇంట్లో పిల్ల ఖాళీగా నిలబడడం ఎప్పుడూ లేదు. కాళ్లు కడుక్కోమని, కూర్చోమని, తినమని నోటిదాకా వచ్చాయి. ఆపుకున్నాను.

నేలమీద దాని ఎత్తుకి కూర్చుని అడిగాను. "ఏటి సేద్దామే?"

నన్ను అనుమానంగా చూసింది. "నన్నే అడుగుతన్నావా?"

"నిన్నే."

ఆలోచించింది. బొటనవేలుతో నేల మీద గీతలు గీస్తూ చాలాసేపు ఆలోచించింది. ముంజేతులు సన్నంగా ఉన్నాయి. ఆ తలలో ఏముందో ఎవరికీ తెలియదు. నేను తొందరపెట్టలేదు.

"కాసేపు ఏటీ సెయ్యొద్దు తాతా," అంది.

అరుగు మీద కూర్చున్నాం. అది నా మోకాలి మీద తల పెట్టింది. పక్కింటి మగ్గం చప్పుడు వినిపిస్తోంది. పట్టపగలు, చేతులు ఖాళీ. దాని ఊపిరి వింటూ కూర్చున్నాను. ఎక్కడా గరగర లేదు. వస్తోంది, పోతోంది. ఎండ అరుగు అంచు దాటి మా కాళ్ల మీదకి వచ్చింది. దేముడమ్మ గుమ్మంలోకి వచ్చి ఏదో అనబోయి, మమ్మల్ని చూసి లోపలికి వెళ్లిపోయింది. మేము కదల్లేదు.